చెప్పవలసిన మాట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డిపోల నుండి ఆర్టీసీ బస్సులు తెల్లవారుజామునే పల్లెలకు బయలుదేరుతాయి. రైతులు, కూలీలు, బీడీ కార్మికులు, విద్యార్థులు వాటినే నమ్ముకొని ప్రయాణిస్తారు. బస్సెక్కిన మనిషి బ్రేకులను పరీక్షించడు. టైర్లను తడిమి చూడడు. ఆ పని చేయవలసినవారు చేసే ఉంటారని నమ్ముతాడు. ప్రజారవాణా ఈ నమ్మకం మీదనే నడుస్తుంది.

2018 సెప్టెంబరు 11న ఆ నమ్మకానికి తీరని దెబ్బ తగిలింది. జగిత్యాల డిపోకు చెందిన బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ అదుపు తప్పి లోయలో పడింది. అప్పుడు అందులో వందమందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా మరణించారు. డ్రైవరు కూడా ప్రాణాలు కోల్పోయాడు. డిపో మేనేజరును సస్పెండ్ చేశారు. బస్సు స్థితిని గురించి, మితిమీరిన రద్దీని గురించి ప్రశ్నలు తలెత్తాయి. కాని అవి ప్రమాదం జరిగిన తరువాత వచ్చిన ప్రశ్నలు.

ప్రమాదానికి ముందే ప్రశ్నించగలవారు కార్మికులు. బ్రేకు సరిగా పట్టడం లేదని మొదట గ్రహించేది డ్రైవరు. జనం పరిమితి మించారని మొదట చూసేది కండక్టరు. అరిగిన భాగాన్ని మార్చకుండానే మార్చినట్లు రాస్తే, ఆ సంగతి తెలిసేది మెకానిక్కుకు.

అయినా చాలామంది నోరు విప్పరు. దూరపు డిపోకు బదిలీ చేస్తారన్న భయం, తోటివారు దూరం పెడతారన్న బెంగ వారిని వెనక్కు లాగుతాయి. ఈ భయం నిరాధారమైనది కాదు. జాతీయ రహదారి పనులలో అక్రమాలను గూర్చి ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ పేరు దాగలేదు. 2003 నవంబరు 27న ఆయన గయలో హత్యకు గురయ్యాడు. అది దోపిడీ కోసం జరిగిన హత్య అని తరువాత న్యాయస్థానం తేల్చింది. కాని పేరు బయటపడిన తీరు దేశాన్ని కలవరపరచింది. 2004లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి ఫిర్యాదులను స్వీకరించి, పేర్లను గోప్యంగా ఉంచే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. అయితే అది కేంద్ర ప్రభుత్వ సంస్థలకు సంబంధించిన ఏర్పాటు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం, పనిచోట అపాయకరమైన పరిస్థితి కంటబడితే వీలైనంత త్వరగా యాజమాన్యానికి తెలపడం ఉద్యోగి విధి. కనుక చెప్పడం ద్రోహం కాదు. విధి నిర్వహణలో భాగమే.

ఫిర్యాదు వేరు, చాడీ వేరు. చాడీ మనిషిని గురించి చెవిలో చెప్పేది. ఫిర్యాదు జరిగిన పనిని గురించి కాగితం మీద రాసేది. అందులో తేదీ, బస్సు నంబరు, కళ్ళారా చూసిన విషయం ఉండాలి. ఊహను నిజంగా రాయరాదు. కాగితం అందినట్లు సంతకం తీసుకొని, నకలు దగ్గర ఉంచుకోవాలి. డిపోలో పట్టించుకోకపోతే పై అధికారికి తెలపాలి. ఒంటరిగా చెప్పలేనివారు కార్మిక సంఘం ద్వారా చెప్పవచ్చు.

వినేవారికి కూడా బాధ్యత ఉంది. లోపాన్ని చూపినవానికి బదిలీయే బహుమానమైతే, ఆ డిపోలో రెండవవాడు కలం పట్టడు. లోపం మాత్రం బస్సుతో పాటు రోజూ రోడ్డెక్కుతూనే ఉంటుంది.

ప్రశ్నలు
1. ఫిర్యాదుకు, చాడీకి గల భేదాన్ని వివరించండి.
2. కార్మికులు లోపాలను చెప్పడానికి ఎందుకు వెనుకాడతారు?