బాయి దిగే ముందు

గోదావరిఖని

చిన్నీ,

మైనింగ్ ఇంజినీరింగ్ కాగానే ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. "ఆఫీసులో టేబుల్ పనేనట అక్కా, బాయి దిగే బాధ లేదు" అని ఒకటే సంబరం. ఫోన్లో చెప్తే మధ్యలో అందుకుంటుందని నీకు రాస్తున్నా.

ఆ టేబుల్ వద్దను బిడ్డా. సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్‌కు, గనుల భద్రత చూసే డీజీఎంఎస్ బాయి లోపలి అనుభవం అడుగుతుంది. అది లేకుంటే దక్కేది రెస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్, ఓపెన్‌కాస్టులకే చెల్లుతుంది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను లోపలికి రానివ్వలేదు. దిగనివ్వనప్పుడు అనుభవం ఎక్కడినుంచి వచ్చేది?

నిజానికి ఒకప్పుడు మన దేశపు బొగ్గుబాయిల్లో ఆడవాళ్లు తట్టలు మోసినవాళ్లే. 1929 నుంచి తెల్లదొరలు మెల్లమెల్లగా బయటికి పంపారు. యుద్ధంలో బొగ్గు చాలక 1943లో మళ్లీ దించారు, 1946లో మళ్లీ వద్దన్నారు. మన మీద వాళ్ల దయ బొగ్గు ధరలాగా ఎక్కుతూ దిగుతూ ఉండేది! 2019 జనవరిలో కేంద్రం తలుపు కొంచెం తీసింది: పగటిపూట, టెక్నికల్, సూపర్‌వైజర్, మేనేజర్ పనులకు, అదీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే.

ఆ సందులోంచే వెళ్లింది రాసకట్ల సంధ్య. భూపాలపల్లి పిల్ల, తండ్రి సింగరేణి కార్మికుడు, చదివింది కొత్తగూడెంలో. 2020లో అండర్‌గ్రౌండ్‌కూ చెల్లే సెకండ్ క్లాస్ సాధించింది, దేశంలో ఆడవాళ్లలో తొలిసారి. బొగ్గుబాయి బిడ్డే అయినా పని దొరికింది రాజస్థాన్‌లో, హిందుస్థాన్ జింక్‌లో.

అమెరికాలోనూ ఆడది దిగితే గనికి అరిష్టమనేవాళ్లు. 1973 తర్వాతే అక్కడి కంపెనీలు ఆడవాళ్లను గనుల్లోకి తీసుకోసాగాయి. 1977లో కోల్ ఎంప్లాయ్‌మెంట్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ పెట్టుకుని, ఆడవాళ్లకు పని ఇవ్వడం లేదని మరుసటేడు 153 కంపెనీల మీద ఫిర్యాదు చేశారు. పనిలోకి వెళ్లాక స్నానాల గది కోసం కూడా కొట్లాడాల్సి వచ్చింది.

అందుకే చెప్తున్నా, చేరిన రోజే బట్టలు మార్చుకునే గది, టాయిలెట్, నీ కాలికి సరిపోయే బూట్లు రాతపూర్వకంగా అడుగు. నోటిమాట మస్టర్‌లోకి ఎక్కదు. టాయిలెట్ లేదని నీళ్లు తాగడం మాత్రం మానకు, లోపల ఉక్కకు కళ్లు తిరుగుతాయి.

బాయిలో భద్రత చూసే సర్దార్లను అన్నా అని పిలిచి నేర్చుకో. కర్రతో పైకప్పు తట్టి చూస్తారు: ఖంగుమంటే బండ గట్టిది, బోలుగా పలికితే దాని కింద నిలబడకూడదు. ఆ చప్పుడు ఏ పుస్తకమూ వినిపించదు. నేను ల్యాంప్ రూంలో ఏళ్లతరబడి దిగేవాళ్లకు దీపాలిచ్చిన దాన్ని. వాళ్లు పైకొచ్చి చెప్పుకునేది విన్నాను గానీ ఒక్కసారీ దిగింది లేదు.

గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లకు ఇప్పుడే ఫీజు కట్టు. అవి లేకుండా సెకండ్ క్లాస్ చేతికి రాదు. డబ్బులు తక్కువైతే నాకు చెప్పు, మీ అమ్మకు కాదు.

మీ పెద్దమ్మ