పెన్న వెంట ఇరవై రోజులు

విహారయాత్ర అనగానే మన విద్యార్థి మిత్రుల నోట వచ్చే పేర్లు ఊటీ, గోవా, కొడైకెనాల్. ఇందుకూరుపేట నుంచి కాలేజీకి వచ్చే కుర్రవాడు సైతం తన మండలంలోనే ఉన్న మైపాడు సముద్రాన్ని లెక్కలోకి తీసుకోడు. లోపలి పట్టణాలనూ కడలి తీరాన్నీ ఒకే యాత్రలో కలపదలచిన వారికి మన సీమలో దారి వెతుక్కునే పని లేదు. నది వేసి ఉంచింది. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, హిందూపురం వైపు మన రాష్ట్రంలో అడుగుపెట్టి, అనంతపురం, కడప సీమలు దాటి, నెల్లూరు మీదుగా ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలిసే పెన్న పొడవు 597 కిలోమీటర్లు.

మొదట తేల్చుకోవలసింది కాలం. నెల్లూరు తీరానికి వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. తుఫానులూ అప్పుడే. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి బండ్లు ఆగిపోయాయి. పోనీ మే నెలలో వెళదామా అంటే సీమ బండలు పెనంలా కాలుతుంటాయి. కనుక సంక్రాంతి దాటిన మూడు వారాలే ఉత్తమం. పరీక్షల వల్ల వేసవే గతి అయితే యాత్రను సగానికి తగ్గించుకోండి, పంతానికి పోవద్దు.

మొదటి వారం హిందూపురంలో బస. పక్కనే లేపాక్షి. తరువాత తాడిపత్రి: పెన్న ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊళ్ళో చింతల వెంకటరమణస్వామి గుడి. శిల్పం సంగతి సరే, నదిలోకి కూడా దిగి చూడండి. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనబడుతుంది. వానలు మొగం చాటేసే నేల మీద నడిచే నది అది.

ఆ నదే గండికోట దగ్గర ఎర్రమల కొండలను నిలువునా కోసింది! జమ్మలమడుగులో బస పెట్టుకుని రెండు రోజులైనా అక్కడ గడపాలి. కోటలో జామా మసీదు, మాధవరాయస్వామి గుడి చూసుకొని, ఎండ వాలాక లోయ అంచుకు చేరండి. అంచున కమ్మీలు ఉండవు, ఫోటోల సరదా కాస్త తగ్గించుకోవాలి. కడప, పుష్పగిరి, ఒంటిమిట్టలకు నాలుగు రోజులు చాలు.

బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు దారి పట్టినప్పుడు సోమశిల వదలకండి. అక్కడి నీళ్ళే కండలేరుకు చేరి, తెలుగుగంగగా చెన్నపట్నం దాహం తీరుస్తాయి. 1983లో ఒప్పందం కుదిరితే, నీళ్ళు అక్కడికి చేరింది 1996లో. దిగువన సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ 2022లో ప్రారంభమైనవే. తాడిపత్రి ఇసుకను చూసి వచ్చిన కళ్ళకు ఈ కాలువల కింది వరి ఎంత ఖరీదైనదో వేరే చెప్పనక్కర్లేదు.

చివరి వారం తీరానిది. నెల్లూరు నుంచి మైపాడు సుమారు పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటాక పొలాల మధ్య రొయ్యల చెరువులు, వాటిలో గిరగిర తిరిగే ఏరేటర్లు, ఆపైన బకింగ్‌హాం కాలువ, ఆ తర్వాత సముద్రం. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈత వచ్చినవాళ్ళే ఇక్కడ ఎక్కువ భయపడాలి. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా ఎక్కడో ఒక సన్నని పాయగా వెనక్కి పోతుంది. దానికి చిక్కినవాడు నేరుగా ఒడ్డుకు ఈదబోయి అలసిపోతాడు. అలా చిక్కితే ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈది ఆ పాయలోంచి బయటపడాలి. అంతకన్నా మేలు నీళ్ళు మోకాళ్ళు దాటకపోవడం. జాలరులు వద్దన్న చోట అసలు దిగకండి, వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

వీలుంటే ఒకరోజు నేలపట్టుకు, పులికాటుకు పోయి రండి. 2022 నుంచి అవి తిరుపతి జిల్లా కింద ఉన్నాయి. సంక్రాంతి తర్వాతి రోజుల్లో గూడబాతులు, రాజహంసలు అక్కడే ఉంటాయి.

ఖర్చు విషయంలో నా లెక్క ఒక్కటే: నలుగురు కలిసి, ఆర్టీసీ బస్సుల్లో. ఇరవై రోజుల్లో మూడు రోజులు మాత్రం కాగితం మీద ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేయండి. బస్సు తప్పినా, ఒకడికి జ్వరం వచ్చినా, గండికోటలో ఇంకో సాయంత్రం కావాలనిపించినా అవి పనికొస్తాయి.