మేలు నెరిగిన ఇల్లు

పాఠ్యభాగము: లూకా 17:11–19



సమరయ గలిలయల మధ్య త్రోవలో పదిమంది కుష్ఠరోగులు దూరముగా నిలిచి ప్రభువును వేడుకొనిరి. ఆయన వారిని యాజకులయొద్దకు పంపెను. వెళ్లుచుండగా పదిమందియు శుద్ధులైరి. ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. తిరిగి రాని తొమ్మండుగురు ప్రభువు మాట మీరినవారు కారు. పొమ్మన్న చోటికే పోయిరి. వారికి విధేయత కలదు. అయినను మేలు చేసినవానియొద్దకు తిరిగివచ్చినవాడు ఒక్కడే, వాడును యూదులు పరాయివానిగా నెంచిన సమరయుడు. తప్పక ఆరాధనకు వచ్చుచు, కానుక వేయుచు, వాక్యము వినుచు కూడ మనము ఆ తొమ్మండుగురిలో ఉండవచ్చును.

కృతజ్ఞత యనగా చేయబడినదానిని ఎరుగుట. దానికి ఎదురుమాట కృతఘ్నత. అనగా చేయబడినదానిని చంపుట. మేలును చంపుటకు కత్తి అక్కరలేదు, మరచిన చాలును. ఏరు దాటి తెప్ప తగలవేసినట్లని మన పెద్దలు చెప్పునది ఇదియే.

1. ఇంటిలో

భోజనమునకు ముందు దేవునికి స్తుతులు చెల్లింతుము. మంచిదే. కాని ఆమేన్ అని కన్నులు తెరచిన వెంటనే, కూరలో ఉప్పు చాలలేదందుము. కోడికూతకు లేచి నీళ్లు పట్టి, వండి, పిల్లలను బడికి పంపి, తాను కూలికి పోయివచ్చి, మరల పొయ్యి ముట్టించిన ఇల్లాలు ఆ మాట వినును. ఇంటిపనిలో చేసినది కనబడదు, చేయనిదే కనబడును. ఆమె జ్వరముతో పడుకొన్ననాడు గాని ఆమె పని ఎంతయో మనకు తెలియదు.

“మనలో మనకు వందనములేమిటి, పరాయివారమా?” అని కొందరందురు. పౌలు అట్లు తలంపలేదు. రోమా పత్రిక 16వ అధ్యాయము చూడుడి. ఇరువదికి పైగా పేర్లు వ్రాసి, వారిలో అనేకులు చేసిన పనిని కూడ చెప్పెను. తనకొరకు ప్రాణమునకు తెగించిన ప్రిస్కిల్ల అకులలను మరువలేదు. రూఫు తల్లి తనకును తల్లియే యనెను. అంతటి లోతైన బోధ వ్రాసిన చేయి, అమ్మవలె చూచిన యొక స్త్రీని తలచుకొనక ఆ పత్రికను ముగింపలేదు.

2. ఊరిలో

వంటకు బియ్యము కొలుచునప్పుడు దేవునికని పిడికెడు తీసి వేరు కుండలో వేయు వాడుక మన తెలుగు సంఘముల స్త్రీలలో చాలకాలముగా ఉండినది. ఆ పిడికెడు ఎవరికిని కనబడదు, ప్రతిదినము జరుగును, లేనివారు కూడ చేయగలరు. నేడు కొన్ని ఇండ్లలో కృతజ్ఞత కూడిక వేరు దారి పట్టినది. అప్పు చేసి పందిరి వేసి, ఊరంతటికి విందు పెట్టి, తరువాత వడ్డీ కట్టలేక ఇంటిలో కలహము. దేవుడు అట్టి విందు అడుగలేదు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో ఆయన కోరినది గంపెడు ప్రథమ ఫలములు, గడచిన కష్టదినముల జ్ఞాపకము, లేవీయునితోను పరదేశితోను పంచుకొను సంతోషము.

కాబట్టి కూడికలో స్వస్థతను గూర్చి సాక్ష్యము చెప్పునప్పుడు, అర్ధరాత్రి ఆటో తీసికొనివచ్చి ఆసుపత్రికి చేర్చిన పొరుగువానిని కూడ జ్ఞాపకము చేసికొనుడి. అతడు మన మతస్థుడు కాకపోవచ్చును. సమరయుని కథ చదివిన మనము అట్టివాని గడప త్రొక్కి రెండు మాటలు చెప్పుటకు వెనుదీయరాదు.

3. ఒక హెచ్చరిక

కృతజ్ఞత మనము చెల్లించునది. ఎదుటివాని మెడ పట్టి వసూలు చేయునది కాదు. కూలివాని డబ్బు నిలిపి, ఉన్నదానికే స్తోత్రము చెప్పుకొమ్మనుట భక్తి కాదు. బిగపట్టిన కూలి దేవునికి మొరపెట్టునని యాకోబు వ్రాసెను (5:4). తిండి పెట్టుచున్నామని కోడలిని దెప్పుటయు అట్టిదే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో, దీనికి కూడ స్తుతి చెల్లించుమని అనకుడి. 1 థెస్సలొనీక 5:18లో అపొస్తలుడు నేర్పినది ప్రతి స్థితిలోను స్తుతించుటయే గాని, ప్రతి కీడును మేలని పిలుచుట కాదు. లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీరు విడిచెను. మీరును ఆ తల్లిప్రక్క మౌనముగా కూర్చుండుడి.

ఈ నెల అభ్యాసము

ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థనలో, ఆ దినమున తనకు మేలు చేసినవారిని ఒక్కరిని ప్రతివాడును పేరుపెట్టి చెప్పవలెను. చేసిన మేలు ఏమో కూడ చెప్పవలెను. చిన్నపిల్లలు మొదట చెప్పుదురు గాక. ఇంటి యజమానుడును తప్పించుకొనరాదు. పిమ్మట, చాలకాలము క్రిందట మేలుచేసి మనము పలుకరింపక విడిచిన ఒక్కరియొద్దకు ఈ నెలలోనే వెళ్లుడి. బడిలో అక్షరములు దిద్దించిన పంతులుగారు కావచ్చును, పురుడు పోసిన ముసలమ్మ కావచ్చును. వారు వృద్ధులు, ఆలస్యము చేసిన, వెళ్లునప్పటికి ఇల్లు తాళము వేసియుండవచ్చును.

తిరిగివచ్చిన ఆ ఒక్కనితో ప్రభువు సమాధానముగా మాటలాడి పంపెను. అట్టి సమాధానము మీ యిండ్లలో నిలుచును గాక. ఆమేన్.