క్రైస్తవమతప్రభావము: మెదకు దేవాలయము నేర్పు పాఠము



ఒక మతము దేశమునకు జేసినదేమో తెలిసికొనుటకు లోకులు రెండు కొలతలను వాడుదురు. మొదటిది ఆ మతమున జేరినవారి సంఖ్య. రెండవది ఆ మతస్థులు కట్టించిన మందిరముల యెత్తు. ఈ రెండును పైపై కొలతలని మా యభిప్రాయము. ఆ మతము వచ్చిన పిదప మనుష్యుడు తోడి మనుష్యునియెడల నడచుకొను తీరు మాఱినదా, లేదా? ఇదియే సరియైన కొలత. క్రైస్తవమతము మన చరిత్రమునందును, రాజనీతియందును, తత్త్వవిచారమునందును గలిగించిన మార్పును ఈ కొలతతోనే పరిశీలింతము.

దృష్టాంతమునకై దూరము పోనక్కఱలేదు. మన సంగారెడ్డి 2016 వఱకు మెదకు జిల్లాకు ముఖ్యపట్టణముగా నుండెను. ఆ జిల్లాకు బేరిచ్చిన మెదకు పట్టణమున ఱాతితో గట్టబడిన గొప్ప క్రైస్తవదేవాలయము గలదు. వెస్లియను మెథడిస్టు సంఘమునకు జెందిన చార్లెసు వాకరు పాస్నెట్టుగారి పూనికచే 1914లో నారంభింపబడి, 1924 డిసెంబరు 25వ తేదీన అది ప్రతిష్ఠింపబడెను. దాని గోపురము 175 అడుగుల యెత్తు గలది. కఱవుకాలమున చుట్టుప్రక్కల పేదలకు పనియు, ఆ పనికి బ్రతిగా తిండియు నీ నిర్మాణమువలన లభించెను.

ఇచ్చట మన మిత్రులలో ననేకు లొక యాక్షేపణ చేయుదురు. "ఆకలిగొన్నవానికి అన్నము చూపి మతము మార్చుట ధర్మమా?" అని వారి ప్రశ్న. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. మిషనరీలలోనే కొందఱు దీనిని గుర్తించిరి. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమునందు ఒంగోలు బాప్టిస్టు మిషనరీయగు జాన్ క్లౌగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో గొంతభాగమును గుత్తకు దీసికొని వేలమందికి గూలి యిప్పించిరి. అన్నముకొఱకే చేరుదురేమో యను శంకతో కఱవు నడచినంతకాలము బాప్తిస్మ మిచ్చుట మానిరి. కఱవు గడచిన పిదప 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో బహుళసంఖ్యాకులు మాదిగలు.

కూలి ముట్టిన పిమ్మటగూడ వారేల వచ్చిరి? తమ్ము బేరుపెట్టి పిలిచినవారు, తమ గుడిసెలోనికి వచ్చి కూర్చుండినవారు వారికి మొదటిసారి యగపడిరి. కఱవు మన గ్రామములలోనిది. ధాన్యపుగాదెలు మన పెద్దలవి. ఆకలిగొన్నవారు మన పొలముల దున్నినవారు. వారికి బని కల్పింప సముద్రముల దాటి యొకడు రావలసివచ్చెనన్న, ఆ యాక్షేపణమునకు ముందుగా మనమే యుత్తరవాదులము.

ఇక రాజనీతి. న్యాయవాదివృత్తియందున్న మాకు 1850 నాటి 21వ చట్టము ముఖ్యముగ దోచును. అంతకుబూర్వము మతమును విడిచినవాడు పిత్రార్జితమున భాగము గోల్పోవుచుండెను. కుంపినీవారి సీమలలో ఆ చట్ట మీ నష్టమును దొలగించెను. అది క్రైస్తవుల కొఱకే చేయబడినదని నాడు గొప్ప యలజడి పుట్టెను. కాని దాని మాటలు మతము విడిచినవానికే గాక, కులమునుండి వెలివేయబడినవానికిగూడ వర్తించెను. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు వితంతువివాహములు చేయింపగా వారికి దోడ్పడినవారు వెలిబాధ లనుభవించిరి. వెలివేసినను ఆస్తిహక్కు పోదను న్యాయమిట్టి సంస్కర్తలందఱికిని రక్షయయ్యెను. ఒక మతమువారికై తలచిన ద్వారమునుండి సర్వజనుల మనస్సాక్షి స్వాతంత్ర్యము వెడలివచ్చినది.

తత్త్వవిచారమున రామమోహనరాయలవారు మనకు మార్గదర్శులు. 1820లో యేసు నీతిబోధలను మహిమాద్భుతములనుండి వేఱుపఱచి వారు ప్రకటించిరి. శ్రీరామపురపు మిషనరీ మార్ష్‌మనుగారు దానిని తీవ్రముగా ఖండించిరి. రాయలవారు ప్రత్యుత్తరము లిచ్చిరి. మన రఘుపతి వెంకటరత్నమునాయుడుగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరుగారి శిష్యులు. 1843లో నోబులుగారు మచిలీబందరున స్థాపించిన విద్యాలయమునం దుపాధ్యాయులు. అయినను వారు క్రైస్తవులు గాలేదు. బ్రాహ్మధర్మమునందే నిలిచి, అనాథబాలురను, అస్పృశ్యులనబడిన బాలురను జేరదీసి చదివించిరి. దీపమునుండి దీపము వెలిగించుకొన్నవాడు మొదటి దీపమునకు దాసుడు గానక్కఱలేదు. ఋణము నొప్పుకొనుట మాత్రము మఱువరాదు.

ఇంతమాత్రమున క్రైస్తవసంఘమును నిర్దోషిగా జెప్పజాలము. బాప్తిస్మపుతొట్టి కులమును గడిగివేయలేదు. పెండ్లిసంబంధము వచ్చినపుడు తెలుగు క్రైస్తవులలోగూడ కులము మరల దలయెత్తుచున్నది. జాషువకవి క్రైస్తవుల యింట బుట్టినను అస్పృశ్యతావమానము వారికి దప్పలేదు. స్వతంత్రభారత రాజ్యాంగమున 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించెను. అయినను 1950 నాటి షెడ్యూల్డు కులముల యుత్తరువు హిందువులకే ఆ కులస్థితిని బరిమితము చేసెను. 1956లో సిక్ఖులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడెను, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రమున క్రైస్తవులైన మాలమాదిగలు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమునందు లెక్కింపబడుదురు. ఊరివారు పాతపేరుననే పిలిచి దూరముంచినను, కాగితమున అతనికి ఆ రక్షణము లేదు. 1850లో మతము మార్చినవాని హక్కును గాచిన న్యాయము, వంద సంవత్సరముల పిదప అట్టివాని హక్కునే తగ్గించినది. 2007లో రంగనాథమిశ్ర సంఘము ఈ భేదమును దొలగింపుమని సూచించెను. కులబాధ మతముతో బోనప్పుడు దాని పరిహారమును మతముతో ముడిపెట్టుట న్యాయము గాదని మా నిశ్చయము.

కావున ఫలితార్థ మిది. క్రైస్తవమతము మన యెదుట నొక ప్రశ్న నుంచినది: పుట్టుక మనుష్యుని విలువను నిర్ణయించునా? ఆ ప్రశ్నకు క్రైస్తవసంఘము సగమే యుత్తరమిచ్చెను. చట్టమును సగమే యిచ్చెను. మిగిలినసగము మన యిండ్లలో నున్నది. పటాన్‌చెరువు కార్ఖానాలలో నానాదేశముల, నానాకులముల కూలివారొకే యంత్రమునొద్ద నిలిచి పనిచేయుచున్నారు. పని ముగించి యద్దెయింటికి వచ్చినపుడు గుమ్మమున గుల మడుగువారు మనలోనే యున్నారు. మెదకు గోపురము నెత్తు దలచినపు డెల్ల, చదువరులారా, మన గుమ్మము నెత్తుగూడ గొలిచికొందము. అచ్చట నేడే యా ప్రశ్న మానినయెడల మన సంస్కారము మాటలుగా మిగులక యాచారమగును.