నీలం చుక్క – ఎర్ర చుక్క

వర్ధన్నపేటలో ఖమ్మం రోడ్డు పక్కన ఒక ఇల్లు ఉంది. ఇంటి ముందు వేపచెట్టు. చెట్టు కింద పాత అంబాసిడర్ కారు.

ఈ కార్లు ఇప్పుడు తయారు కావడం లేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ కంపెనీ వీటిని తయారు చేసేది. 2014లో ఆపేసింది. కొత్తది కొనే స్తోమత ఆ ఇంటివాళ్లకు లేదు. ఉన్న బండినే కాపాడుకోవాలి.

ఒక రాత్రి పక్కింటి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. మొదటి కాన్పు. ఆమెను కారులో ఎక్కించుకొని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి బయలుదేరారు. మామునూరు దగ్గర ఇంజను వేడెక్కి ఆవిరి చిమ్మింది. బండి ఆగిపోయింది. చుట్టూ చీకటి. లోపల పిల్ల అరుస్తున్నది. 108కు ఫోన్ చేస్తుండగానే వెనక నుంచి ఒక ఆటో వచ్చింది. అందులో పంపించారు. నిజానికి ఇంటి దగ్గరే 108కు ఫోన్ చేయవలసింది. కాన్పు క్షేమంగా అయింది. ఆడపిల్ల పుట్టింది.

కారు గల ఇంటామెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. “ఆటో రాకపోతే ఏమయ్యేది?” అదే ఆలోచన.

తెల్లారి మెకానిక్ వచ్చాడు. బానెట్ ఎత్తాడు. ఆమె కూడా పోయి పక్కన నిలబడింది.

“చెల్లె, ఇటు చూడు. ఇది డైనమో. దీన్ని పట్టుకొని ఉండే బోల్టు ఊడి పడ్డది. డైనమో జరిగింది. బెల్టు వదులైంది. ఈ బెల్టే ఫ్యాను తిప్పుతది. ఈ బెల్టే నీళ్ల పంపు తిప్పుతది. నీళ్లు తిరగకపోతే ఇంజను కాలుతది.”

“గింత బోల్టుకేనా అన్నా?”

“గింత బోల్టుకే!”

“మొన్ననే గట్టిగ బిగించినం కదా. ఎట్ల ఊడింది?”

గట్టిగా బిగించినా బోల్టు ఊడుతుంది. ఎందుకు?

బోల్టును బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన రబ్బరులాగా వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే నట్టును పట్టి ఉంచుతుంది. కాని బోల్టు మరలకు, నట్టు మరలకు మధ్య సన్నని సందు ఉంటుంది. కంటికి కనిపించదు. ఇంజను ఎప్పుడూ అదురుతుంది. గుంతల రోడ్డు మీద బండి అంతా అదురుతుంది. ఒక్కొక్క అదురుకు నట్టు ఇసుమంత జరుగుతుంది. ఇట్లా కొన్ని నెలలు జరిగితే నట్టు చేతితో తిరుగుతుంది. తర్వాత రాలిపోతుంది.

దీనికి పాతకాలం నుంచీ ఉపాయాలు ఉన్నాయి. ఎడ్లబండి చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర చీల పెడతారు. కారులో కూడా కొన్ని నట్లకు అట్లాంటి చీల ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని స్ప్లిట్ పిన్ అంటారు. ఒకసారి తీసిన పిన్నును మళ్లీ పెట్టకూడదు. కొత్తది పెట్టాలి. కొన్ని చోట్ల నట్టు మీద ఇంకో నట్టు బిగిస్తారు. ఇవి కాక, నట్టు కింద స్ప్రింగ్ వాషర్ వేయడం కూడా అలవాటే.

ఇంకొక ఉపాయం బోల్టుకు పూసే మందు. అమెరికాలో ట్రినిటీ కాలేజీ అనే చోట వెర్నన్ క్రీబుల్ అనే రసాయనశాస్త్రం పంతులు 1953లో దీన్ని తయారు చేశాడు. దానికి లాక్‌టైట్ అని పేరు పెట్టింది ఆయన కోడలు. అది ఒక కంపెనీ మందు పేరు. ఇప్పుడు ఏ కంపెనీ మందునైనా మెకానిక్‌లు లాక్‌టైట్ అనే అంటారు.

ఈ మందుది విచిత్రమైన గుణం. గాలి తగిలినంతసేపు నీళ్లలాగా ఉంటుంది. గాలి ఆడని చోట, ఇనుముకు ఆనుకొని ఉంటే గట్టిపడుతుంది. నట్టు, బోల్టు నడుమ సందులో గాలి ఆడదు. అందుకే మందు అక్కడ గట్టిపడి సందును మూసేస్తుంది. నట్టు జరగదు.

ఆమె భర్త వరంగల్ పోయి రెండు సీసాలు తెచ్చాడు. అత్త ఒక సీసా ఎత్తి చూసింది.

“ఇదేంది బిడ్డా, సగమే ఉన్నది? దుకాణపాయన మోసం చేసిండు.”

మోసం కాదు. లోపల గాలి ఉండాలనే కంపెనీవాళ్లు సీసా నిండా పోయరు. నిండా పోస్తే మందు సీసాలోనే గట్టిపడుతుంది.

రెండు సీసాలూ బయటికి ఎర్రగానే ఉన్నాయి. అక్షరాలన్నీ ఇంగ్లీషే. ఆమెకు తెలుగు చదవడం, రాయడం వచ్చు. ఇంగ్లీషు రాదు. తొమ్మిదో తరగతి చదివే బిడ్డను కూర్చోబెట్టింది. బిడ్డ చదివి అర్థం చెప్పింది. ఆమె తెలుగులో రెండు చీటీలు రాసి సీసాలకు అంటించింది.

మొదటి చీటీ: “లోపలి మందు నీలం. పానాతో విప్పవచ్చు.”

రెండో చీటీ: “లోపలి మందు ఎరుపు. వేడి చేయనిదే ఊడదు. అడగకుండ ముట్టవద్దు.”

ఎర్ర మందు పెట్టిన బోల్టును విప్పాలంటే సుమారు 250 డిగ్రీల వేడి పెట్టాలి. పెట్రోలు, డీజిలు ఉన్న బండి మీద మంట పెట్టడం ఎంత ప్రమాదం! అన్ని కంపెనీల రంగులూ ఒక్క తీరుగా ఉండవు. కొత్త సీసా తెచ్చినప్పుడల్లా మళ్లీ చదివించుకోవాలి.

డైనమో బోల్టును అప్పుడప్పుడు విప్పాలి. బెల్టు బిగువు సరిచేయాలి కదా! దానికి నీలం మందే సరి. మెకానిక్ చెప్పినట్లు ఆమె కొత్త బోల్టును థిన్నర్‌తో తుడిచింది. థిన్నర్ సీసాను పొయ్యికి దూరంగా పెట్టింది. మరలకు నూనె, జిడ్డు ఉంటే మందు పట్టదు. తుడిచి ఆరనిచ్చాక, నట్టు కూర్చునే చోట ఒక్క చుక్క వేసింది. భర్త పానాతో బిగించాడు. పూర్తిగా గట్టిపడడానికి 24 గంటలు. మరునాటి దాకా బండి తీయలేదు.

వారం తర్వాత మరిది వచ్చాడు. కారు టైరు మార్చాడు. అలమరలోంచి ఎర్ర మందు తెచ్చాడు.

“చక్రం నట్లకు తలా ఒక చుక్క ఏస్త వదినా. జన్మల ఊడయి.”

“చీటీ చదివినవా?”

“చక్రం ఊడితే పానం పోతది. ఎర్రదే మంచిది.”

“తోవల టైరు పంక్చరైతే ఎట్ల ఇప్పుతవు? ఇంకో అర్ధరాత్రి, ఇంకో ఆడపిల్లను పెట్టుకొని రోడ్డు మీద నిలబడాల్నా?”

మరిది మాట్లాడలేదు. సీసా మూత పెట్టాడు.

చక్రం నట్లకు ఏ మందూ వద్దు. ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా బిగిస్తూ పోవాలి. 50 కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగువు చూడాలి. బ్రేకుల జోలికి ఇంట్లో ఎవరూ పోవద్దు. అది మెకానిక్ పని. ప్లాస్టిక్ మీద ఈ మందు పడితే పగుళ్లు రావచ్చు. కుట్టుమిషను చిన్న స్క్రూలకు నీలం మందు కూడా ఎక్కువే. విప్పబోతే స్క్రూ తల అరుగుతుంది. చేతికి అంటితే సబ్బుతో కడగాలి. కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి.

ఆమె ఇంకొక పని చేసింది. బిడ్డ గోళ్ల రంగు తెచ్చింది. డైనమో నట్టు మీది నుంచి పక్క ఇనుము దాకా ఒక గీత గీసింది. నట్టు జరిగితే గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఇంజనులో చేతికందే ఇంకో ఆరు నట్లకు కూడా గీతలు పెట్టింది. ఆదివారం పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి గీతలు చూస్తుంది.

మూడో ఆదివారం హారన్ దగ్గర గీత విరిగి కనిపించింది.

“ఏమయ్యా, పానా పట్టుకరా” అని భర్తను పిలిచింది.

చదివి రాయండి

డైనమో బోల్టు ఊడితే ఇంజను ఎందుకు వేడెక్కింది?

సీసా సగమే ఎందుకు నింపుతారు?

మీ ఇంట్లో సైకిలు, కుట్టుమిషను, మోటరు ఏదైనా ఉందా? దానిలో వదులైన నట్లు ఎన్ని? చూసి, అంకె వేసి రాయండి. మోటరైతే ముందు కరెంటు ఆపండి.