మంచు కొండ మీద కారు: ఎక్కగలదు సరే, ఆగగలదా?

మనకు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద పరచుకొనే పొగమంచు. ఎండ రాగానే అది విడిపోతుంది. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో మాత్రం చలికాలం వచ్చిందంటే ఆకాశం నుండి దూదిపింజల వలె హిమం రాలుతుంది. రోడ్ల మీద పేరుకొని, బండ్ల చక్రాల కింద నలిగి గట్టిపడుతుంది. పగలు పైపైన కరిగిన నీరు రాత్రికి మళ్ళీ గడ్డకట్టి అద్దంలా నున్నగా తయారవుతుంది.

అటువంటి దారిలో కారు నడవడం ఎలా? ఇందుకు మూడు ఉపాయాలు వాడుకలో ఉన్నాయి. టైర్లకు ఇనుప గొలుసులు చుట్టడం ఒకటి. గుడ్డతో చేసిన మేజోళ్ళు తొడగడం రెండవది. చలికాలానికి ప్రత్యేకంగా చేసిన టైర్లు బిగించడం మూడవది. ఫ్రాన్సు దేశంలో 2021 నవంబరు 1 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, నిర్ణయించిన కొండ ప్రాంతాలలో ఏటా నవంబరు 1 నుండి మార్చి 31 వరకు కారుకు నాలుగు శీతాకాలపు టైర్లు ఉండాలి. లేదా ఇంజను తిప్పే చక్రాలు రెండింటికైనా సరిపోయే గొలుసులో, మేజోళ్ళో కారులో సిద్ధంగా ఉండాలి.

అంటే ఈ మూడింటిలో ఏది ఉన్నా చట్టానికి సరే. మరి భౌతికశాస్త్రానికి కూడా సరేనా? చూద్దాం.

ఘర్షణే ఆధారం

కారును ముందుకు నడిపేది ఇంజను అనుకొంటాం. నిజానికి ఇంజను చక్రాన్ని తిప్పుతుంది, అంతే. తిరిగే చక్రం నేలను వెనుకకు నెడితే, నేల దానిని ముందుకు నెడుతుంది. ఈ నెట్టడానికి కావలసినది టైరుకు, నేలకు మధ్య ఉండే ఘర్షణ. బ్రేకు వేసినప్పుడు కారును ఆపేదీ, మలుపులో పక్కకు తిప్పేదీ ఆ ఘర్షణే.

ఘర్షణ ఎంత అనేది ఘర్షణ గుణకం చెబుతుంది. పొడి తారురోడ్డు మీద ఇది సుమారు 0.8. నలిగి గట్టిపడిన హిమం మీద మామూలు టైరుకు 0.2 వరకు, మంచుగడ్డ మీద 0.1 లేదా అంతకన్నా తక్కువ ఉంటుంది. మంచు తీరును బట్టి ఈ విలువలు మారుతుంటాయి. మన లెక్కకు ఇవి చాలు.

మంచుగడ్డ ఎందుకంత జారుతుంది? దాని ఉపరితలం మీది అణువులు లోపలి అణువులంత గట్టిగా బంధింపబడి ఉండవు. అందువల్ల సున్నా డిగ్రీల కన్నా కొంత తక్కువలో కూడా పైన నీటివంటి పలుచని పొర ఉంటుంది. పైగా టైరు రాపిడి వల్ల పుట్టిన వేడికి మరికొంత కరుగుతుంది. ఆ పొరే కందెనలా పనిచేస్తుంది. అందుకే సున్నా దరిదాపులలో ఉన్న మంచు, గడ్డకట్టి ఎముకలు కొరికే -20 డిగ్రీల మంచు కన్నా ఎక్కువ జారుడు!

మూడు ఉపాయాలు, మూడు సూత్రాలు

గొలుసు: వరిమడిలో దమ్ము చేసే ట్రాక్టరును మీరు చూసే ఉంటారు. రబ్బరు టైర్లు బురదలో జారుతాయి కనుక దానికి ఇనుప చక్రాలు తగిలిస్తారు. వాటి పట్టీలు బురదలోకి దిగి పట్టుకొంటాయి. మంచులో గొలుసు చేసే పనీ ఇటువంటిదే. కారు బరువు టైరు వెడల్పంతా పరచుకోక సన్నని ఉక్కు లంకెల మీద పడుతుంది. వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతుంది కదా! లంకెలు మంచులోకి గుచ్చుకొంటాయి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ 1904లోనే ఇటువంటి గొలుసుకు పేటెంటు పొందాడు. దమ్ము చక్రాలతో తారురోడ్డు ఎక్కితే రోడ్డు పాడవుతుంది. అలాగే గొలుసులూ మంచు లేని రోడ్డును గీస్తాయి, తామూ అరిగి తెగుతాయి. వాటితో సాధారణంగా గంటకు 50 కిలోమీటర్లకు మించి పోరాదు.

మేజోడు: ఇది గట్టి కృత్రిమ దారాలతో నేసిన గుడ్డ తొడుగు. ఈ ఆలోచన నార్వే దేశం నుండి వచ్చింది. లెక్కలేనన్ని సన్నని పోగులు మంచు ఉపరితలంలోని గరుకుదనాన్ని పట్టుకొంటాయి. తేలికగా ఉంటుంది, నిమిషాలలో తొడగవచ్చు. కాని మంచు లేని రోడ్డు మీద త్వరగా చిరిగిపోతుంది. దీనికీ వేగ పరిమితి తప్పదు.

శీతాకాలపు టైరు: ఫిన్లండు దేశపు రబ్బరు కర్మాగారం ఒకటి 1934లో లారీలకు, 1936లో కార్లకు ఇటువంటి టైర్లు తయారుచేసింది. చలికి మామూలు టైరు రబ్బరు బిరుసెక్కుతుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే దాని పట్టు తగ్గడం మొదలవుతుంది. శీతాకాలపు టైరులో రబ్బరు మిశ్రమం వేరు. అది చలిలో కూడా మెత్తగా ఉండి, రోడ్డు ఎగుడుదిగుళ్ళలో ఇమిడిపోతుంది. దాని దిమ్మల మీద కత్తితో గీసినట్లు సన్నని చీలికలు ఉంటాయి. వాటి అంచులు మంచును గీరి పట్టుకొంటాయి. లోతైన గాళ్ళలో హిమం కూరుకుంటుంది. హిమానికి హిమం బాగా అతుక్కొంటుంది కనుక అదీ మేలే. గట్టి హిమం మీద ఈ టైరు గుణకం 0.3 అనుకొందాం. మూడు శిఖరాల కొండ, దాని మధ్య హిమస్ఫటికం గల గుర్తు ఈ టైరు పక్కన ముద్రించి ఉంటుంది.

ఎక్కేటప్పుడు

ఫ్రాన్సు ఆల్ప్స్ లో ఆల్ప్ డ్యుయెజ్ అనే ఊరు ఉంది. సైకిలు పందేల వల్ల ప్రసిద్ధమైన దాని ఘాట్ రోడ్డులో 21 మలుపులు. సగటు వాలు సుమారు 8 శాతం. అంటే 100 మీటర్లు ముందుకు పోతే 8 మీటర్లు పైకి ఎక్కుతాం.

ఈ వాలు కారును దాని బరువులో సుమారు 0.08 వంతు బలంతో కిందికి లాగుతుంది. ముందు చక్రాలను ఇంజను తిప్పే కారులో ఆ చక్రాల మీద పడే బరువు మొత్తంలో 60 శాతం అనుకొందాం. మామూలు టైర్లతో గట్టి హిమం మీద దొరికే బలం 0.2 × 0.6 = 0.12. ఇది 0.08 కన్నా ఎక్కువ. కారు ఎక్కుతుంది! వాలు 13 శాతం ఉన్నచోట మాత్రం చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి.

ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే కారు అయితే? అప్పుడు మొత్తం బరువు పనికి వస్తుంది. 0.2 దొరుకుతుంది. 13 శాతం వాలు కూడా సులభంగా ఎక్కేస్తుంది. చోదకుడికి ధైర్యం వస్తుంది. ప్రమాదం ఉన్నది సరిగ్గా ఇక్కడే.

దిగేటప్పుడు

ఎక్కిన కారు దిగాలి కదా! ఎదురుగా దారికి అడ్డంగా ఒక బండి ఆగిపోయింది. బ్రేకు వేయాలి. బ్రేకు అన్ని కార్లలోనూ నాలుగు చక్రాల మీదనే పనిచేస్తుంది. ఇంజను ఎన్ని చక్రాలను తిప్పుతుందన్నది ఇక్కడ ఏమీ సాయపడదు.

మీరు చదువుకొన్న సూత్రమే: ఆగే దూరం = వేగం వర్గం ÷ (2 × రుణత్వరణం). సమతలం మీద రుణత్వరణం, ఘర్షణ గుణకాన్ని g తో గుణిస్తే వస్తుంది. 8 శాతం వాలు దిగేటప్పుడు ఆ గుణకం నుండి 0.08 తీసివేయాలి. g విలువ 10 అనుకొందాం. వేగం గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు.

పొడి రోడ్డు మీద (0.8 – 0.08 = 0.72): సుమారు 7 మీటర్లు.
గట్టి హిమం, శీతాకాలపు టైర్లు (0.22): సుమారు 23 మీటర్లు.
గట్టి హిమం, మామూలు టైర్లు (0.12): సుమారు 42 మీటర్లు.
మంచుగడ్డ (0.02): 250 మీటర్లు!

చూశారా, 0.2 కు, 0.3 కు తేడా స్వల్పమే అనిపిస్తుంది. వాలులో అదే 19 మీటర్ల తేడా అయింది. మలుపు 30 మీటర్లలో ఉంటే ఒక కారు ఆగుతుంది, ఇంకొకటి లోయలోకి పోతుంది. ఈ లెక్కలో కారు బరువు ఎక్కడా రాలేదని గమనించండి. బరువైన కారు గట్టిగా ఆగుతుందన్నది అపోహ.

గొలుసులు, మేజోళ్ళు సాధారణంగా రెండు చక్రాలకే తొడుగుతారు. ఎక్కడానికి ఆ రెండూ చాలు. దిగుతూ బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాలకు పట్టు దొరికి, వెనుక చక్రాలకు దొరకకపోతే కారు వెనుక భాగం పక్కకు తిరిగిపోవచ్చు. కనుక వేగ పరిమితి గొలుసును కాపాడడానికే కాదు, మనిషిని కాపాడడానికి కూడా. వేగం సగం చేస్తే ఆగే దూరం నాలుగో వంతు అవుతుంది.

ఏది ఎవరికి?

చలికాలమంతా ఆ కొండలలో తిరిగేవారికి నాలుగు శీతాకాలపు టైర్లే సరైనవి. ఎక్కడానికి, తిరగడానికి, ఆగడానికి కూడా అవి ఉపకరిస్తాయి. అయితే వాటి గాళ్ళు అరిగిపోతే ప్రయోజనం ఉండదు. ఆస్ట్రియాలో కనీసం 4 మిల్లీమీటర్ల లోతు లేనిదానిని శీతాకాలపు టైరుగా లెక్కించరు. లోతైన హిమం, నిటారు వాలు ఉన్నచోట ఈ టైర్లు కూడా చాలవు. అప్పుడు గొలుసులే దిక్కు. దారి పక్కన గొలుసు చుట్టిన టైరు బొమ్మతో నీలిరంగు గుండ్రని గుర్తు కనిపిస్తే, గొలుసులు తప్పనిసరి అని అర్థం. హిమం అరుదుగా పడేచోట, కొద్ది దూరం గట్టెక్కడానికి మేజోళ్ళు అక్కరకు వస్తాయి.

మన హిమాలయాలలో కూడా ఇదే సమస్య. హిమాచల్ ప్రదేశ్ లో మనాలి పైన 2020లో ప్రారంభమైన అటల్ సొరంగం వైపు పోయే దారిలో, హిమం కురిసిన రోజుల్లో నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పే బండ్లనో, గొలుసులు చుట్టిన బండ్లనో మాత్రమే ముందుకు వదలడం మామూలు. నాలుగు చక్రాలు తిరిగే బండి పైకి వెళ్ళగలదు, నిజమే. తిరుగు ప్రయాణంలో దాని టైర్లు ఎటువంటివో చూడవలసి ఉంటుంది.

చేసి చూడండి

ఫ్రిజ్ లో ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి గడ్డకట్టించండి. రెండు ఒకేరకం రబ్బర్లు తీసుకొని, ఒకదానికి పొడిగా ఉన్న మేజోడు గుడ్డ చుట్టండి. రెండింటినీ మంచు మీద పక్కపక్కన పెట్టి, పళ్ళేన్ని ఒక వైపు మెల్లగా ఎత్తండి. ఏది ముందు జారింది? జారిన క్షణాన ఎత్తిన అంచు ఎత్తును, దాని కింది అడ్డ దూరంతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. పది నిమిషాలు ఆగి, మంచు పైన తడి కనిపించాక పొడి గుడ్డతో మళ్ళీ చేయండి. రెండు ఫలితాలు నోటుపుస్తకంలో రాసుకోండి. తరువాత ఈ లెక్క కట్టండి: మీకు వచ్చిన గుణకంతో, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో 8 శాతం వాలు దిగే కారు ఎంత దూరంలో ఆగుతుంది? గుణకం 0.08 కన్నా తక్కువ వస్తే ఏమవుతుంది?