పెరట్లో రామచిలుక, పంజరంలో కేసు

ప్రశ్న: లాయరు గారూ, సంతలో కొన్న రామచిలుక మా ఇంట్లో ఆరేళ్లుగా ఉంది. ఈ మధ్య మా తమ్ముడు ఆఫ్రికన్ గ్రే చిలకను తెచ్చాడు. దానికి బిల్లు ఉంది. ఫారెస్టు వాళ్లు కేసు పెడతారని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. అయితే మీ తమ్ముడి కంటే ముందు జాగ్రత్తపడాల్సింది మీరు.

విదేశీ పక్షికే చిక్కులుంటాయని, మన చెట్టు మీది చిలకను ఎవరూ అడగరని చాలామంది అనుకుంటారు. చట్టం దీనికి పూర్తిగా తిరగేసి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రామచిలుక అందులో రెండో షెడ్యూలు పక్షి. దాన్ని పట్టడం చట్టం దృష్టిలో వేటే. అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టుకోవడం కూడా నేరాలే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వీధి చివర ముక్కుతో కార్డు లాగే జోస్యం చిలకకూ మినహాయింపు లేదు. ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నదీ ఈ చిలకనే!

సంతలో అందరూ కొంటున్నారు కదా అంటే కోర్టులో నిలవదు. వన్యప్రాణి మీ దగ్గర ఉందని తేలితే, అది అక్రమంగానే ఉందని 57వ సెక్షన్ ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకునే భారం మీదే.

అలాగని భయపడి గేటు దగ్గర వదిలేయకండి. ఆరేళ్లు మీ చేతి జామకాయ తిన్న చిలక బయట పిల్లినీ కాకినీ తట్టుకోలేదు. దగ్గరలోని ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు అర్జీ రాసి అప్పగించండి, రసీదు తీసుకోండి. కేసు ఉండదని నేను హామీ ఇవ్వలేను. కానీ మీ అంతట మీరే అప్పగించారనడానికి ఆ కాగితమే ఆధారం. దెబ్బతిన్న పక్షి దొరికి ఇంటికి తెచ్చినా 48 గంటల్లోగా పోలీసు స్టేషనుకో ఫారెస్టు వాళ్లకో తెలియజేయండి. చట్టం ప్రభుత్వ ఆస్తిగా చూసే వన్యప్రాణి చేతికొచ్చినవారికి 39వ సెక్షన్ పెట్టిన గడువు అది.

ఇక ఆఫ్రికన్ గ్రే సంగతి. ఇది వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కింద అత్యంత కట్టుదిట్టమైన జాబితాలో ఉన్న పక్షి. మన చట్టంలో నాలుగో షెడ్యూలులోకి వస్తుంది. పెంచుకోవచ్చు, కానీ 49ఎం సెక్షన్ కింద నమోదు చేయించాలి. ఇందుకోసం 2024 ఫిబ్రవరి 28న కేంద్రం నియమాలు తెచ్చి, అప్పటికే పెంచుతున్నవారికి ఆరు నెలల గడువిచ్చింది. ఆ తర్వాత తెచ్చుకున్నవారు 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. అది పిల్లలు పెట్టినా, చనిపోయినా, వేరేవారికి ఇచ్చినా తెలియజేయాలి. ఉత్త బిల్లు చాలదు. ఈ జాతిని పిల్లలు పెట్టించేవారికి లైసెన్సు కావాలి కాబట్టి, అమ్మినాయన్ను దాని నకలు అడగండి. నీళ్లు నమిలాడంటే అర్థం చేసుకోండి. మనవాళ్లు లవ్ బర్డ్స్ అనే బడ్జీలు, కాకటీల్‌లు నాలుగో షెడ్యూలులో లేవు. వాటికి ఈ నమోదు అక్కర్లేదు.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ఇంట్లో ఉంటే డబ్బు కలిసొస్తుందని కొందరు నక్షత్ర తాబేలును నీళ్ల తొట్టిలో పెట్టుకుంటారు. అది నీటి తాబేలే కాదు, ఎండ నేలల్లో గడ్డి తిని బతికే ప్రాణి. అది మొదటి షెడ్యూలులో ఉంది కనుక మూడేళ్లకు తగ్గని, ఏడేళ్ల దాకా పోయే జైలు, కనీసం పాతికవేల జరిమానా. కలిసొచ్చేది ఇదే. దసరాకు పంజరంలో పాలపిట్టను చూపించి డబ్బులడిగేవారికీ రూపాయి ఇవ్వకండి. మీరిచ్చే డబ్బుతోనే వచ్చే ఏడు ఇంకో పిట్టను పడతారు.

మీ తమ్ముణ్ణి బిల్లు మీద తేదీ చూడమనండి. 30 రోజులు దాటకపోతే ఈ రోజే దరఖాస్తు పెట్టించండి. దాటితే బిల్లు, ఫొటోలు పట్టుకుని ముందుగా అటవీశాఖ జిల్లా కార్యాలయానికి వెళ్లమనండి, వాళ్లు తలుపు తట్టేదాకా ఆగొద్దు.